గుజ్జు కూడా ఎర్రగా ఉండే ద్రాక్ష

మా పిన్ని కొడుకు జార్జియాలో, టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. జూలైలో సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు స్వెటర్లో చుట్టి ఒక వైన్ సీసా తెచ్చాడు. వాడు అద్దెకుండే ఇంటి ఓనర్ వాళ్ల అన్నకి అక్కడి కఖేతీ అనే ప్రాంతంలో చిన్న ద్రాక్షతోట ఉందట, ఇంటి వెనకే వైన్ చేసుకుంటారట, ఏడాదికి కొన్ని వందల సీసాలే. లేబుల్ మీద చేత్తో రాసిన జార్జియన్ అక్షరాలు, మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉన్నాయి. ద్రాక్ష పేరు సపెరావి.

రంగు గురించే ముందు చెప్పాలి. గ్లాసులో పోసి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే అవతల నా వేళ్లు కనపడలేదు. అంచున కాస్త ఊదా, మిగతాదంతా బాగా మగ్గిన నేరేడు పండు నలుపు. అక్కడివాళ్లు రెడ్ వైన్‌ని నల్ల వైన్ అనే అంటారని తమ్ముడు చెప్పాడు.

నాన్నకి అనుమానం వచ్చింది. ఆయనకి ఒకప్పుడు మేడ్చల్ వైపు అనాబ్-ఎ-షాహీ పందిరి తోట ఉండేది, ద్రాక్ష గురించి ఆయన ముందు ఎవరూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోలేరు. బండి మీద కొన్న నల్లద్రాక్ష ఒకటి తీసి, గోరుతో తొక్క ఒలిచి, లోపలి గుజ్జు మా ముందు పెట్టారు. లేత ఆకుపచ్చ. "నల్లదైనా తెల్లదైనా లోపల ఇంతే. రంగంతా తొక్కదే. ఇంత నలుపు ఎట్లొచ్చిందిరా, ఏమన్న కలిపిన్రా?"

ఏమీ కలపలేదు. ప్రపంచంలో గుజ్జు కూడా ఎర్రగా ఉండే ద్రాక్షలు చాలా తక్కువ, సపెరావి వాటిలో ఒకటి. తొక్క నలుపు, లోపల రసమే ఎర్రగా ఉంటుంది. సపెరావి అన్న మాటకి అర్థమే రంగు వేసేది అని. జార్జియాలో 500కి పైగా సొంత ద్రాక్ష రకాలున్నా ఎర్ర వైన్ అనగానే వాళ్లకి ముందు గుర్తొచ్చేది ఇదే, మనకేమో పేరు కూడా కొత్త.

చేసే పద్ధతి వింటుంటే నాకు మా అమ్మమ్మ ఆవకాయ జాడీలు గుర్తొచ్చాయి. క్వెవ్రీ అని పెద్ద మట్టి బాన, గుడ్డు ఆకారంలో ఉంటుంది, లోపల తేనెమైనం పూస్తారు, మూతి మాత్రం పైకి ఉంచి మెడదాకా నేలలో పాతిపెడతారు. తొక్కిన ద్రాక్షని తొక్కలతో, గింజలతో సహా అందులో పోస్తారు. పొంగే రోజుల్లో తొక్కలన్నీ పైకి తేలి గట్టిగా అట్టకడతాయి కాబట్టి రోజుకి చాలాసార్లు కిందికి అదుముతూ ఉండాలి, ఆ తర్వాత మూత పెట్టేస్తే నేల చల్లదనమే మిగతా పని చూసుకుంటుంది. ఈ క్వెవ్రీ పద్ధతికి 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడి తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల్లో సుమారు 8,000 ఏళ్ల నాటి వైన్ ఆనవాళ్లు ఉన్నాయి.

ఇక రుచి. సీసా తెరిచిన వెంటనే తాగితే నాకు నచ్చలేదు, ఒట్టి పులుపు, పళ్లు గుంజేసే వగరు, పచ్చి నేరేడు కొరికినట్టు. మిగిలింది వెడల్పాటి గాజు జగ్గులోకి మెల్లగా వంచి గంటసేపు వదిలేశాను. మెల్లగా ఎందుకంటే వడకట్టని వైన్ కదా, అడుగున మడ్డి ఉంది. గంట తర్వాత ఎండు ఆల్‌బుకారా వాసన, కొంచెం పొగ వాసన, పులుపు అలాగే ఉంది కానీ వగరు మెత్తబడింది. మన ఊళ్లో గది వేడి దీనికి పనికిరాదు, ఫ్రిజ్‌లో ఓ అరగంట పెట్టాల్సిందే. తోడుగా మిరియాల మటన్ వేపుడు అద్భుతంగా కుదిరింది, కొవ్వు ముక్క తిని ఒక గుక్క తాగితే నోరు శుభ్రంగా కడిగినట్టయింది. గోంగూర మటన్ మాత్రం వద్దు. రెండు పులుపులు కొట్టుకుంటాయి, పైగా మన కారం వగరుని ఇంకా రెచ్చగొడుతుంది.

నాన్న రెండు గుక్కలే తాగారు. నాలుక ఊదారంగుకి తిరిగింది, చేతిలో ఉన్న తెల్ల టవల్‌కి అంటిన మరక ఇప్పటికీ పోలేదు. వాడు తిరిగి వెళ్లే రోజు, "కోతలప్పుడు ఒక పండు కోసి లోపల ఫొటో తీసి పంపు" అని రెండుసార్లు చెప్పారు.

ఇప్పుడు అక్కడ కోతల కాలం, ర్త్వేలి అంటారు. నిన్న ఫొటో వచ్చింది. తోట పందిరి మీద లేదు, నడుం ఎత్తులో తీగలకి కట్టి ఉంది, ముందు తమ్ముడి అరచేయి, అందులో చిదిమిన నాలుగు పండ్లు, మణికట్టు దాకా ఎర్రగా కారిన రసం. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని, ఆ పండ్లనే పెద్దవి చేసి చాలాసేపు చూశారు. "గుజ్జు నిజంగనే ఎర్రగున్నది" అన్నారు, తర్వాత ఆకు ఫొటో కూడా అడగమన్నారు.