ఒకే చేతి సంతకాలు

శనివారం. కారు మీద మంచు గీక్కుని, పక్క ఊళ్ళో నాణేల షోకి వెళ్ళాను. ఏమీ కొనకూడదనే వెళ్ళాను. ఆ మాట రెండో టేబుల్ దాకా నిలిచింది.

అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దం నాటి, న్యూ ఓర్లీన్స్ కెనాల్ బ్యాంక్ వాళ్ళ ఇరవై డాలర్ల నోటు. ఈ బ్యాంక్ నోట్లు సంతకాలు లేకుండా బోలెడు దొరుకుతాయి. సంతకాలు పడితేనే నోటు చెల్లేది; ఇవి అప్పట్లో వాడకుండా మిగిలిపోయిన షీట్లు. ఇప్పుడే అచ్చేసినట్టు ఉంటాయి, ధర కూడా తక్కువే. ఇది మాత్రం మడతలు పడి, మాసిపోయి, క్యాషియర్, ప్రెసిడెంట్ సంతకాలతో ఉంది. జేబుల్లో తిరిగిన నోటంటే నాకు మహా మోజు. బేరమాడినట్టు నటించి అడిగినంతా ఇచ్చేశాను.

రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను.

"చెల్లని నోటుకి చెల్లే డబ్బు పోశావా నాయనా?"

అప్పట్లో అమెరికాలో ఏ బ్యాంకు నోట్లు ఆ బ్యాంకే వేసుకునేదని, మూడు డాలర్ల నోట్లు కూడా ఉండేవని చెప్పాను. రోడ్ ఐలండ్‌లో ఫార్మర్స్ ఎక్స్‌చేంజ్ బ్యాంక్ 1809లో మునిగినప్పుడు, ఆరు లక్షల డాలర్లకు పైగా నోట్లు బయట తిరుగుతుంటే, లోపల తేలింది 86 డాలర్ల చిల్లర నాణేలే.

"మరి కొట్లో ఎలా తీసుకునేవాళ్ళు?"

ఏ బ్యాంకు నోటుకి ఎంత తగ్గించాలో అచ్చేసిన పట్టికలు వచ్చేవి, షాపువాళ్ళు అవి చూసుకునేవాళ్ళు. దూరపు ఊరి బ్యాంకు అయితే కోత ఎక్కువ.

"అంటే ఊరు దాటినకొద్దీ డబ్బు అరిగేదన్నమాట" అంది. నేను ఇంత తేలిగ్గా ఎవరికీ చెప్పలేకపోయాను. 1865లో రాష్ట్రాల బ్యాంకుల నోట్ల మీద పది శాతం పన్ను వేసి వాటి కథ ముగించారని చెప్పేలోపు, పాలు పొంగుతున్నాయని పెట్టేసింది.

తర్వాత భూతద్దం తీశాను. తీయకపోయినా బాగుండేది. రెండు సంతకాలూ ఒకే చేతి వంపు. పేర్లు వేరు, 'ఆర్' కింద తోక మాత్రం ఒక్కటే. కాగితం, అచ్చు అసలువే. మిగిలిపోయిన నోటు మీద ఎవడో తర్వాత పూరించాడు. అప్పటి మోసగాడైతే ఫరవాలేదు, పాపం ఎవరికో నిజంగానే అంటగట్టి ఉంటాడు, నోటు చేతులు మారినట్టే. ఈ మధ్యవాడైతే మాత్రం ఆ ఎవరో నేనే. సిరా గోధుమ రంగుకి తిరిగింది. గోధుమ రంగు సిరాతో ఇవాళైనా రాయొచ్చు.

అమ్మకి చెప్పలేదు. ఆల్బమ్‌లో పెట్టి, పక్కన చీటీ మీద పెన్సిల్‌తో రాశాను: "సంతకాలు: అనుమానం."