ఆఫీసులో ఫోటోగ్రఫీ క్లబ్బు: రొయ్యల ప్లాంటులో మా అనుభవం

భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి ప్లాంటులో ఫోటోగ్రఫీ క్లబ్బు మొదలెట్టాలంటే అన్నిటికంటే ముందు ఒక పేజీ ఉత్తరం రాయాలి. "ఉద్యోగుల్లో సృజనాత్మకత" లాంటి మాటలతో రాస్తే ఆ కాగితం నేరుగా ఫైల్లోకి పోతుంది. యాజమాన్యం భయం వేరు. లోపలి ఫోటో ఒక్కటి బయటికి పోతే బయ్యర్ దగ్గర్నుంచి మెయిలొస్తుంది. ఉత్తరం ఆ భయానికి జవాబు చెప్పాలి. మేం రాసింది ఇదీ: క్లబ్బు పని షిఫ్టు అయ్యాకే, ప్రాసెసింగ్ హాలు, కోల్డ్ స్టోరేజీ, ల్యాబు, లోడింగ్ దగ్గర కెమెరా గానీ ఫోను గానీ బయటికి తియ్యం, కార్టన్ల మీద పేర్లు, కంప్యూటర్ తెరలు, ఐడీ కార్డులు ఫ్రేములో పడనివ్వం, కంపెనీని డబ్బు అడగం, ఫోటోలు వేలాడదీసుకోవడానికి క్యాంటీన్లో ఒక గోడ ఇస్తే చాలు. ఆఖరి మాట వల్లే సంతకం త్వరగా పడిందని నా నమ్మకం.

అందులో ఇంకో వాక్యం కూడా ఉండాలి. పనివేళలు కానప్పుడు, సొంత పరికరంతో తీసిన ఫోటో తీసినవాళ్లదే అని. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. రేపు కంపెనీ క్యాలెండరులో మన గోదారి ఫోటో వేస్తే, ఈ వాక్యం లేనప్పుడు కింద పేరు వెయ్యమని అడగడానికీ మొహమాటమే.

మీటింగు ఎప్పుడన్నది చిన్న విషయం అనుకుంటారు గానీ, సగం క్లబ్బులు అక్కడే ఆగిపోతాయి. ఒలుపు, గ్రేడింగ్ విభాగాల్లో ఆడవాళ్లే ఎక్కువ. ఆరింటి తర్వాత పెడితే వాళ్లెవరూ రారు. మొదటి షిఫ్టు దిగడానికీ కంపెనీ బస్సు కదలడానికీ మధ్య ఉండే అరగంటే మాకు దొరికిన సమయం. అందులోనే ముగించేస్తాం. పట్టుబడి జోరుగా ఉన్న నెలల్లో ఓవర్‌టైములుంటాయి కాబట్టి మీటింగు ఎత్తేస్తాం. జనం రాని మీటింగు పెట్టడం కంటే అదే నయం.

ఫోన్లతోనే మొదలెట్టాలి. డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) ఉన్నవాళ్లు లెన్సుల గురించి మాట్లాడుకుంటుంటే ఫోనున్నవాళ్లు రెండో నెల నుంచి కనపడరు. అందుకని మొదటి మూడు నెలలు అందరూ ఫోనుతోనే తియ్యాలని నియమం పెట్టాం. 12 మెగాపిక్సెల్ ఫోనులో ఫోటో 4000 × 3000 పిక్సెళ్లుంటుంది. 12 × 8 అంగుళాల ప్రింటుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన కావలసింది 3600 × 2400. ఇంకా మిగులుతుంది. ఒక చిక్కుంది. ఫోను ఫ్రేము 4:3, ప్రింటు 3:2. పైనా కిందా కోత పడుతుంది. తలకి ఆనించి తీస్తే ల్యాబువాడు తల కోసేస్తాడు, వాడి తప్పేం లేదు. తీసేటప్పుడే పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచమని చెబుతాం.

రెండో చిక్కు వాట్సాప్. మామూలుగా పంపిన ఫోటోని పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకి కుదించేస్తుంది. 12 అంగుళాల ప్రింటులో అది అంగుళానికి 133 చుక్కలే. కొబ్బరాకుల అంచులు చెదిరి పచ్చటి ముద్దలా వస్తాయి. డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు అలాగే వస్తుంది. ఈ ఒక్క మాట గ్రూపు పేరు కిందే రాసిపెట్టాం, ఐనా ప్రతి నెలా ఒకరిద్దరికి మళ్లీ చెప్పాలి.

చందా పోగయ్యాక ఉమ్మడిగా ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనొచ్చు. కొనేముందు షట్టర్ కౌంటు, అంటే అప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో చూడాలి; మామూలు డీఎస్ఎల్ఆర్ షట్టరుకి లక్ష ఫోటోల దాకా ఆయుష్షు చెబుతారు. ఎపర్చర్ని (లెన్సులో వెలుగొచ్చే కంతని) ఎఫ్16కి, అంటే బాగా చిన్నగా పెట్టి తెల్ల గోడని ఫోకస్ లేకుండా తీస్తే సెన్సారు మీద దుమ్ము నల్ల చుక్కలుగా కనిపిస్తుంది. దుమ్ము తుడిపించుకోవచ్చు, పెద్ద సంగతి కాదు. అసలు చూడాల్సింది లెన్సులో బూజు. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడాలి. అంచు దగ్గర సన్నటి తెల్ల పోగులు సాలెగూడులా పాకి ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. బూజు ముదిరితే గాజు మీది పూతనే తినేస్తుంది. ఎండలో పెడితే పోతుందనేది వట్టి మాట. ఎండకి బూజు చస్తే చావొచ్చు, అది తిన్న పూత తిరిగి రాదు.

మన డెల్టాలో కెమెరాకి మొదటి శత్రువు గాలిలో తేమ. చుట్టూ చెరువులు, కాలువలు, వరిచేలు. తోలు బ్యాగులో పెట్టి బీరువాలో దాచడమంటే బూజుకి విత్తనం చల్లడమే. రబ్బరు అంచున్న గట్టి ప్లాస్టిక్ డబ్బా, అందులో అరకిలో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటరు చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటితే జెల్ మార్చాలి, 30 కంటే దిగితే రబ్బరు పట్టులు ఎండిపోతాయి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే తడి పట్టేసిందన్నట్టు. పాత రేకు మీద సన్నటి సెగన వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ రంగు కోబాల్ట్ లవణం, విషం. అందుకని వంట మూకుడు వాడొద్దు, ప్లాంటు లోపల అసలే వద్దు. జెల్ బదులు బియ్యం పోసే అలవాటుంది. తౌడు లెన్సులో దూరుతుంది గానీ తేమ పెద్దగా తగ్గదు.

ఏసీ గదిలోంచి ఒక్కసారి ఏటిగట్టు మీదికి తీసుకెళ్తే లెన్సు మసకేస్తుంది. కెమెరాని గదిలోనే జిప్ కవరులో పెట్టి, బయటికొచ్చాక ఇరవై నిమిషాలు విప్పకుండా ఉంచితే నీరు కవరు మీద పడుతుంది. తొందరపడి లెన్సు మార్చారంటే ఆ చెమ్మ సెన్సారు మీదే.

షికార్లు పంటల లెక్కన వేసుకున్నాం. సార్వా ఊడ్పులప్పుడు చేలో నీళ్లలో ఆకాశం కనపడుతుంది, దాళ్వా కోతలప్పుడు దుమ్ములో వెలుగు బాగుంటుంది. ఎండాకాలం కాలువలు కట్టేశాక లాకుల దగ్గర తీయడానికి పెద్దగా ఏమీ ఉండదు. అప్పుడు ఇండోర్ పాఠాలు. నరసాపురం మాధవాయిపాలెం రేవులో సఖినేటిపల్లి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కే జనం ప్యానింగ్, అంటే కదిలేదాంతో పాటే కెమెరా తిప్పుతూ తీయడం నేర్చుకోవడానికి మంచి చోటు: షట్టరు సెకనులో 1/30, కదిలే సైకిలుతో పాటే నడుము తిప్పాలి, చేతులు కాదు. మొదట్లో పదింటికి ఒకటి పదునుగా వస్తే గొప్పే. చేలో కొంగని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుగు) మైనస్ ఒకటికి దించాలి. చుట్టూ ఉన్న ముదురు పచ్చని చూసి కెమెరా వెలుగు పెంచుతుంది, ఈకల గీతలన్నీ తెల్లటి సున్నమైపోతాయి. పక్షుల మీద మోజున్నవాళ్లకి చలికాలంలో కొల్లేటి ఆటపాక ఉంది, గూడకొంగల కోసం. దూరాన్ని దగ్గరగా చూపే 300 ఎంఎం లెన్సు లేకుండా వెళ్లి ఉసూరుమనొద్దు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే ప్రభ (భుజాల మీద మోసుకొచ్చే పెద్ద అలంకార చట్రం) దారిలో నిలబడొద్దు. మోసేవాళ్లకి పక్కకి తప్పుకునే వీలుండదు. షట్టరు 1/500. కోడిపందాల బరుల దగ్గర మాత్రం కెమెరాకి పనిలేదు; అక్కడ వద్దని చెప్పే తీరు మర్యాదగా ఉండదు.

గోదారి వరద విషయంలో మాది ఒకటే గీత. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారా, లంకల షికారు రద్దు. ఎర్రనీరు బాగుంటుందని వాదించేవాళ్లుంటారు, ఏటిగట్టు మీంచి తీసుకోమంటాం. రైలు పట్టాలు, వంతెనల మీద నిలబడి తీసిన ఫోటో ఎంత బాగున్నా గోడెక్కదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది అతిక్రమణ.

నన్నడిగితే క్లబ్బు బతికేది ఆ గోడ మీదే. ఫోనులో ఫోటో రెండు సెకన్లలో పైకి పోతుంది. అదే ప్రింటు తాడుకి క్లిప్పు పెట్టి వేలాడదీస్తే టీ గ్లాసుతో నిలబడి చూస్తారు. మనిషికి నెలకి ఒక్కటే ఫోటో, వెనక పెన్సిలుతో పేరు, ముందు నంబరు మాత్రం. పేరు కనిపిస్తే మేనేజరుగారి ఫోటోకే అందరూ తలూపుతారు. మాట్లాడేటప్పుడు "బాగుందండీ" అనడం నిషేధం. కన్ను ముందు ఎక్కడికి పోయింది, ఏది అడ్డొచ్చింది, ఈ రెండే చెప్పాలి. ముఖం తెలిసే ప్రింటైతే ఆ మనిషికి ముందుగా చూపిస్తాం. వద్దంటే దింపేస్తాం, ఎందుకని అడగం. ఒలుపు విభాగం నుంచి సభ్యులు పెరిగింది ఈ నియమం తెలిశాకే.

ఇక క్లబ్బుని మెల్లగా తినేసేది ఒకటుంది: ఉచిత ఫోటోగ్రాఫర్లమని పేరు పడటం. ముందు ఆగస్టు పదిహేను జెండా వందనం, తర్వాత బయ్యర్ల ఆడిట్ విందు, ఆ తర్వాత "మా అమ్మాయి ఓణీల ఫంక్షనండీ, మీరే కదా". ఒకళ్లకి సరేనంటే ఇంకొకళ్లకి కాదనలేం. ఏడాదికి రెండు కంపెనీ కార్యక్రమాలు, తీసినవాళ్లకి కాంప్ ఆఫ్ (బదులు సెలవు), ఇంటి శుభకార్యాలకి క్లబ్బు కెమెరా కదలదు అని గోడ పక్కనే కాగితం అంటించాం. కెమెరా రిజిస్టరులో తీసుకున్న తేదీ, సీరియల్ నంబరు, బ్యాటరీలు, కార్డు, లెన్సు మూత అన్నీ రాసి సంతకం పెట్టాలి. లెన్సు మూత గడి ఎక్కువసార్లు ఖాళీగా ఉంటుంది కాబట్టి డబ్బాలో రెండు మూతలు అదనంగా పెడుతున్నాం.