పేర్లన్నీ వచ్చాయి, కండరమే దొరకలేదు

మసాజ్ థెరపీ పరీక్ష మొదటిసారి రాసినప్పుడు నా నోట్సులో లేని కండరం లేదు. ఆరిజిన్, ఇన్సర్షన్, యాక్షన్, అంటే కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుంది, ఏం పని చేస్తుంది, అన్నీ బట్టీ పట్టాను. అయినా పోయింది అనాటమీలోనే. తల కుడికి తిప్పితే ఏ వైపు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ (మెడ పక్కన ఉండే కండరం) పనిచేస్తుందని అడిగితే, ఆలోచించకుండా కుడి అని పెట్టి వచ్చాను.

రెండోసారి పుస్తకం పక్కన అద్దం పెట్టుకున్నాను. మీరూ ఇప్పుడే చూడండి. గడ్డాన్ని కుడి భుజం వైపు తిప్పితే మెడకు ఎడమ పక్కన తాడులాంటిది లేస్తుంది. చెవి వెనక బొడిపె దగ్గర మొదలుపెట్టి వేలితో మెల్లగా కిందికి రండి. చివర్లో అది రెండు పాయలవుతుంది. ఒకటి రొమ్ము ఎముకకు, ఇంకోటి కాలర్ బోన్‌కు అతుక్కుంటుంది. అంత పొడుగు పేరులో ఉన్నది ఆ మూడు చోట్లే! గట్టిగా మాత్రం నొక్కకండి, తలకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని ఆ పక్కనే ఉంటుంది.

బైసెప్స్ కూడా అంతే. మోచెయ్యి మడిచి, అరచేయి నేల వైపు ఉంచి, రెండో చేత్తో కండ పట్టుకోండి. అరచేయి పైకి తిప్పగానే కండ బిగుస్తుంది. దాని పని చెయ్యి మడవడమే అనుకున్నవాళ్లకు సుపినేషన్ (అరచేయి ఇలా పైకి తిప్పడం) ప్రశ్న పోయినట్టే.

అన్నీ ఇలా చేతికి దొరకవు. భుజం కీలును పట్టి ఉంచే రొటేటర్ కఫ్ కండరాలు నాలుగింటిలో సబ్‌స్కాపులారిస్ భుజం రెక్కకు లోపలి వైపు, పక్కటెముకల మీద నక్కి ఉంటుంది. దాన్ని బొమ్మల్లోనే చదివాను. నరాల పేర్లు బట్టీయే, దాచడమెందుకు?

ప్రాక్టికల్‌కు నా సొంత ఒంటి గురించి నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట్లో అంతా బొటనవేళ్లతోనే నొక్కేదాన్ని, రాత్రికి పెన్ను పట్టుకోలేకపోయేదాన్ని. వీపు వంచకుండా, ఒక కాలు ముందుకు వేసి ఒంటి బరువును ముంజేతి మీదికి వదలడం అలవాటయ్యాకే నొప్పి తగ్గింది.

పరీక్ష రోజు కాలి వెనక పైకి వెళ్తూ మోకాలి గుంట దగ్గర ఒత్తిడి తీసేశాను. ఎగ్జామినర్ ఎందుకని అడిగారు. అక్కడ రక్తనాళాలు, నరం పైపైనే ఉంటాయన్నాను. ఒకే పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఏం చేస్తావన్నారు. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, చెయ్యి వెయ్యను, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపిస్తానన్నాను. తల ఊపి, రెండో కాలు మొదలుపెట్టమన్నారు.