పోయిందని అనకూడని పేరు

నా పేరు లక్ష్మీదేవి. కడపలో నేను చదివిన బడిలో ఒక్క తరగతిలోనే ముగ్గురు లక్ష్ములం. అటెండెన్స్‌లో ఇంటిపేర్లతో గడిచిపోయేది. బయట మాత్రం సైకిల్ లక్ష్మి, కళ్లద్దాల లక్ష్మి, పొట్టి లక్ష్మి. పొట్టి లక్ష్మిని నేనే. పక్క బెంచీలో ఒక స్వప్న ఉండేది. నాకు అలాంటి పేరెందుకు పెట్టలేదని అవ్వతో పోట్లాడేదాన్ని.

అవ్వ బాధ వేరు. ఎవరన్నా వాకిట్లో నిలబడి "లక్ష్మి పోయిందా?" అని అడిగితే ఊరుకునేది కాదు. "పోయిందనొద్దు, పోయొస్తాదను" అని దిద్దేది. పెళ్లయ్యాక నేను అనంతపురం బయల్దేరాల్సింది శుక్రవారం. ఆడబిడ్డను, అందులోనూ లక్ష్మిని, శుక్రవారం సాగనంపేది లేదని పట్టుబట్టింది. బస్సు టికెట్లు వృథా అయ్యాయి, మా ఆయన మొహం మాడింది. ఆదివారం కదిలాం. శనివారం ఎందుకు వద్దందో మాత్రం ఇప్పటికీ తెలీదు.

ఏళ్లుగా శుక్రవారాలు ఫోన్లో శ్రీసూక్తం పెట్టుకుంటున్నా, అర్థం చూసింది ఈమధ్యే. రెండో ఋక్కు ఇలా మొదలవుతుంది:

తాం మ ఆవహ జాతవేదో లక్ష్మీమనపగామినీమ్

అనపగామిని అంటే విడిచి వెళ్లనిది. అవ్వ టెన్షనంతా ఇదే కదా! 15 ఋక్కుల్లో చివరిదాంట్లోనూ ఈ మాట మళ్లీ వస్తుంది. విచిత్రమేమంటే, అడిగేది లక్ష్మిని కాదు, జాతవేదుణ్ని, అంటే అగ్నిని. 'ఆవహ', తీసుకురా. మా వైపు చెప్పాలంటే 'పిలుచుకొని రా'. అత్తగారింట్లో ఉన్న కూతురికోసం ఇంటిపెద్దను పంపినట్టు ఉంటుంది నాకు. పండితులు ఒప్పుకోరేమో. బంగారం, ఆవులు, గుర్రాలు కావాలని ఆ ఋక్కులోనే ఉంది మరి. అయినా నా చెవికి ముందు ఆ పిలుపే వినబడుతుంది.

ఉగాదికి దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరుడి గుడికి వెళ్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఆ రోజు ముస్లిం కుటుంబాలు వచ్చి కొబ్బరికాయలు కొడతాయి. స్వామిని పెళ్లాడిందని చెప్పుకునే బీబీ నాంచారమ్మ వాళ్లింటి ఆడబిడ్డ, అందుకే స్వామి వాళ్లకు అల్లుడు. పండగపూట అల్లుణ్ని చూడకుండా ఎట్లా? పిల్లనిచ్చిన ఇల్లు రాకపోకలు ఆపదు. ఆ వరసలో బుర్ఖాల పక్కన నిలబడినప్పుడు నాకు అనపగామిని మాట గుర్తొస్తుంది.

మొన్న ఉగాదికి గుడినుంచి వచ్చి బ్యాగు సర్దుకుంటున్నా. ఎదురింటి పిన్నమ్మ గేటు దగ్గర అడగడం వినబడింది, "లక్ష్మి పోయిందా?" అని.

"ఇంకా లేదు" అంది అమ్మ. కాసేపాగి, అచ్చం అవ్వలాగే, "పోయొస్తాదిలే" అంది.