ఒకే పలక, రెండు బ్యాండ్లు
2022 వేలంలో మన దేశంలో 5జీ కోసం 3.3, 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు (పౌనఃపున్య శ్రేణులు) రెండూ అమ్ముడైనప్పటి నుంచి, సిగ్నల్‌ను కోరిన దిక్కుకు మళ్లించే రీకాన్ఫిగరబుల్ ఇంటెలిజెంట్ సర్ఫేస్ (చిన్న చిన్న గడులతో చేసిన పలక) ఒక్కటే రెండింటికీ పనికివస్తుందా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. సగం తరంగదైర్ఘ్యం చొప్పున గడులు పేర్చితే, మొదటి బ్యాండ్‌కు ఒక్కో గడి సుమారు 4.5 సెంటీమీటర్లు, రెండోదానికి శనగగింజంత ఉంటుంది.

అసలు చిక్కు గడిలోని వరాక్టర్ డయోడ్ (ఇచ్చే వోల్టేజీని బట్టి కెపాసిటెన్స్ మారే చిన్న పరికరం) దగ్గరుంది: ఒక బ్యాండ్‌లో తరంగపు దశను (దాని ఎత్తుపల్లాలు ఏ క్షణంలో వస్తాయన్నదాన్ని) సరిచేయడానికి వోల్టేజీ మార్చగానే, ముఖ్యంగా బ్యాండ్లు దగ్గరగా ఉన్నప్పుడు, రెండోదానిలోనూ దశ కదిలిపోతుంది. అందుకే రెండు బ్యాండ్ల వినియోగదారులకూ అందే డేటా వేగాన్ని కలిపి లెక్కించి, ఉమ్మడి వోల్టేజీల అమరికను వెతకాలి. గడికి రెండే స్థితులున్నా 100 గడులకు 2 ఘాతం 100 అమరికలవుతాయి కాబట్టి, ఒక్కొక్క గడినే మార్చి చూస్తూ, ఫలితం మెరుగుపడితేనే ఆ మార్పును ఉంచుకునే పద్ధతితోనే నేను మొదలుపెడతాను.