ఫంకీ బ్రేక్‌బీట్ రికార్డు వేయించడం: నా అనుభవం

ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో మిత్రులు నడిపే ఒక చిన్న రికార్డు లేబుల్‌కు చేదోడుగా ఉండే నాకు 2021లో ఒక పని అప్పగించారు. నలుగురు కళాకారుల ఫంకీ బ్రేక్‌బీట్ ట్రాకులను ఒక 12 అంగుళాల వినైల్ రికార్డు మీద సంకలనంగా విడుదల చేయాలి. సంగీతం సిద్ధంగానే ఉంది. మిగిలినదల్లా అనుమతులు, కటింగ్ (అంటే పలక మీద పాటల గాడి చెక్కడం), ముద్రణ (అంటే ప్రతులు ఒత్తించడం). సంగీతం తయారు కావడానికి పట్టిన సమయం కంటే ఆ మిగిలినదానికి పట్టిన సమయమే ఎక్కువ.

ఈ సంగీతంతో పరిచయం లేనివారికి రెండు మాటలు చెప్పాలి. ఫంక్ అనే అమెరికన్ నృత్య సంగీతపు పాటల్లో గాయకుడూ ఇతర వాద్యాలూ ఆగిపోయి, కర్ణాటక కచేరీలోని తని ఆవర్తనంలో మాదిరిగా, డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది క్షణాల భాగాన్ని బ్రేక్ అంటారు. 1973 ప్రాంతంలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హర్క్ అనే డీజే, జనం ఆ క్షణాల కోసమే కాచుకుని ఆడుతున్నారని గమనించి, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని పక్కపక్కన పెట్టి ఆ భాగాన్నే మళ్లీ మళ్లీ వినిపించసాగాడు. అటువంటి డ్రమ్ముల లయ మీద అల్లిన సంగీతమే బ్రేక్‌బీట్. అటువంటి బ్రేకులున్న పాత పాటలను ఏరి కూర్చిన 'అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్' సంకలనాలు 1986 నుంచి 1991 వరకు 25 సంపుటాలుగా వచ్చాయి. ఇంగ్లండులో ఈ ధోరణి 1990లలో బలపడింది. ఫ్యాట్‌బాయ్ స్లిమ్‌గా పేరుపడ్డ డీజే నార్మన్ కుక్ రికార్డులను వెలువరించిన స్కింట్ లేబుల్ 1995లో మా ఊళ్లోనే మొదలైంది; ప్లంప్ డీజేస్ అనే జంటను పరిచయం చేసిన ఫింగర్ లికిన్ లేబుల్ 1998లో లండన్‌లో పుట్టింది. మా నాలుగు ట్రాకులూ ఆ కోవలోవే: నిమిషానికి 130 బీట్‌ల చుట్టూ తిరిగే వేగం, విరిగి విరిగి నడిచే డ్రమ్ములు, లావుపాటి బేస్.

తొలి చిక్కు మూడో ట్రాకు దగ్గర వచ్చింది. దానికి ప్రాణమైన డ్రమ్ముల భాగం 1970ల నాటి ఒక అమెరికన్ ఫంక్ రికార్డు నుంచి నేరుగా తీసుకున్నది; ఇలా తీసుకున్న ముక్కను శాంపిల్ అంటారు. 1991 డిసెంబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అనుమతి లేని శాంపిల్‌ను దొంగతనంతో సమానంగా చూస్తూ తీర్పు ఇచ్చిన తరువాత, ఈ రంగంలో కళ్లు మూసుకుని విడుదల చేసే రోజులు పోయాయి. బ్రిటన్‌లో విడుదలైన రికార్డింగు మీద హక్కు 70 ఏళ్లు ఉంటుంది కనుక, ఆ కాలపు ఫంక్ పాటలేవీ ఇంకా గడువు దాటలేదు. పైగా అడగవలసినది ఇద్దరిని: రికార్డింగు హక్కుదారును ఒకసారి, పాట రచనా హక్కులు చూసే పబ్లిషరును మరొకసారి. పబ్లిషరు మర్యాదగా స్పందించి, కొత్త ట్రాకు రచనలో వాటా ఇస్తే చాలునన్నారు. రికార్డింగు హక్కులున్న సంస్థ మాత్రం చాలాకాలం మౌనంగా ఉండి, ఆఖరుకు మా రికార్డు ముద్రణ ఖర్చు మొత్తానికి మించిన అడ్వాన్సు అడిగింది. మేము వేయదలచినది 300 ప్రతులు.

అందువల్ల ఆ భాగాన్ని కొత్తగా వాయించి రికార్డు చేయాలని నిర్ణయించుకున్నాం. రికార్డింగు హక్కు ఆ శబ్దముద్రణకే వర్తిస్తుంది. దానిని అనుకరిస్తూ వేరొకరు వాయిస్తే ఉల్లంఘన కాదు. రచనకు పబ్లిషరు అనుమతి ఎలాగూ ఉంది. ఊళ్లోని ఒక చిన్న స్టూడియోలో నడివయసు డ్రమ్మర్ ఒకాయన ఈ పనికి ఒప్పుకున్నారు. ఆయన వస్తూనే స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద పాత టీ టవల్ ముక్క ఒకటి పరిచి టేపుతో అంటించారు. ఆ రోజుల్లో డ్రమ్ములు అంత పొడిగా, మోత తెగినట్టుగా వినిపించడానికి కారణం అదేనట. డ్రమ్ముకొక మైకు పెట్టడానికి సిద్ధమైన ఇంజనీరును వారించి మూడింటితో సరిపెట్టించారు. స్వరాల లెక్క పట్టడం కష్టం కాలేదు. స్నేర్ మీద మంద్రంగా పడే ఆ చిన్న చిన్న దెబ్బల బరువు పట్టడానికే సాయంత్రమయ్యింది. అసలు శాంపిల్ కంటే మా రికార్డింగే ఆ ట్రాకులో బాగా ఒదిగిందని నేను ఇప్పటికీ అంటాను. మిత్రుల్లో ఒకరు ఒప్పుకోరు.

ఆయనకు ఆ రోజు కూలితో సరిపెట్టకుండా రాబడిలో వాటా కూడా రాసి ఇచ్చాం. ఈ సంగీతపు చరిత్ర తెలిసినవారికి కారణం చెప్పనక్కరలేదు. 1969లో ది విన్‌స్టన్స్ బృందం వెలువరించిన 'ఆమెన్, బ్రదర్'లో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన సుమారు ఆరు సెకన్ల బ్రేక్‌ను వేలాది రికార్డులు వాడుకున్నాయి. 2006లో చనిపోయేదాకా ఆయనకు దాని మీద రాయల్టీ అందలేదు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు మాత్రం 2015లో అభిమానులు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు అందజేశారు.

పాటల రచనా హక్కుల తరఫున రికార్డుల ముద్రణకు అనుమతి ఇచ్చే బ్రిటిష్ సంస్థ ఎంసీపీఎస్ లైసెన్సు పత్రాలు, కేటలాగు సంఖ్య, లేబుల్ డిజైను వంటివి విసుగు పుట్టించినా సాఫీగానే సాగాయి. కటింగ్ దగ్గర మళ్లీ చర్చ మొదలైంది. ఈ రికార్డులను డీజేలు పెద్ద గదుల్లో వాడుతారు కనుక శబ్దం బిగ్గరగా ఉండాలి. బిగ్గరగా ఉండాలంటే గాడి వెడల్పుగా ఉండాలి, అంటే ఒక్కో వైపు పట్టే నిడివి తగ్గుతుంది. నిమిషానికి 45 చుట్ల వేగంతో కట్ చేయాలని, ఒక్కో వైపు పది నిమిషాలు దాటకూడదని ఇంజనీరు చెప్పారు. కత్తిరించక తప్పనప్పుడు ట్రాకు మొదట్లో డ్రమ్ములు మాత్రమే ఉండే భాగాన్ని కత్తిరించవద్దని నేను పట్టుబట్టాను, ఎందుకంటే డీజే ముందరి రికార్డుతో కలపగలిగేది అక్కడే. మధ్యలోని కీబోర్డు విన్యాసాలు పోయాయి. ఆ తరువాత ట్రాకుల వరుస మీద తగాదా: ప్రతి ఒక్కరికీ మొదటి స్థానమే కావాలి. నిజానికి రికార్డు లోపలి వలయాల్లో పై స్థాయి ధ్వనులు మసకబారుతాయి కనుక, హై-హ్యాట్‌లు (డ్రమ్ముల పక్కన ఉండే జంట తాళాలు) దట్టంగా ఉన్న ట్రాకులను వెలుపలి అంచున, బేస్ ప్రధానమైన వాటిని లోపల పెట్టడమే న్యాయం. అలాగే చేశాం.

2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోవడంతో, కటింగ్‌కు వాడే లాకర్ పలకలు తయారుచేసే పెద్ద సంస్థ జపాన్‌లో ఒక్కటే మిగిలింది; దానికి తోడు ముద్రణ కర్మాగారాల్లో వరుసలు పెరిగి నెలల తరబడి నిరీక్షించాం. ఎట్టకేలకు పరీక్ష ప్రతులు వచ్చాయి. వెలుతురులో వంచి చూస్తే డ్రమ్ములు ఒత్తుగా ఉన్నచోట గాడి బూడిదరంగులో, పలుచబడినచోట నల్లగా నిగనిగలాడుతూ కనిపిస్తుంది. డీజేలు సూది ఎక్కడ దించాలో కంటితోనే పోల్చుకునేది దీనివల్లే. రెండో వైపు వింటుండగా ఒకచోట 'టిక్' అనే చప్పుడు చుట్టుకొకటిగా వినిపించింది. మా సూదిలోనే లోపమని కర్మాగారం వాదించింది. అన్ని ప్రతుల్లోనూ అదే చోట, అదే లయలో వస్తోందని, దుమ్ము వల్ల అయితే ఒక ప్రతికీ మరొక ప్రతికీ తేడా ఉండాలని చెప్పి, వేర్వేరు టర్న్‌టేబుళ్ల మీద వినిపించిన రికార్డింగులు పంపాక, ఒత్తే నికెల్ అచ్చులోనే మచ్చ ఉందని తేలింది. లాకర్ మళ్లీ కట్ చేయనక్కర లేకుండా, తల్లి అచ్చు నుంచి కొత్త అచ్చు తీసి సరిచేశారు.

ప్రతుల్లో చాలా భాగం బ్రైటన్, లండన్, బ్రిస్టల్ దుకాణాలకు వెళ్లింది. డ్రమ్మర్ పేరు ట్రాకు పేరు కిందనే అచ్చయింది. రేడియోలో వినిపిస్తే ఆయన వంతు ఆయనకు చేరేలా, రికార్డుల ప్రసార రుసుములు వసూలు చేసి పంచే పీపీఎల్ సంస్థలో కూడా నమోదు చేయించాం. ఆ ట్రాకును వాడుతున్న డీజేలు డ్రమ్ములు మాత్రమే ఉన్న రూపం ఒకటి కావాలని అడుగుతున్నందువల్ల, తరువాతి రికార్డు రెండో వైపు దానికే కేటాయించి, ఆయనతో కొత్త ఒప్పందం రాసుకుంటున్నాం.