టూసాన్ నుంచి మౌంట్ లెమన్ దాకా

అరిజోనాలోని టూసాన్ దగ్గర మొదలై మౌంట్ లెమన్ కొండ ఎక్కే కేటలీనా హైవే సుమారు 43 కిలోమీటర్లు. కింద చేతులెత్తి నిలబడ్డ సగ్వారో జెముళ్లు, వాటి కాండాల్లో గీలా వడ్రంగిపిట్టలు తొలిచిన గూళ్లు. దాదాపు 1,200 మీటర్ల ఎత్తు దాటితే జెముళ్లు కనుమరుగవుతాయి. గంటల తరబడి గడ్డకట్టే చలిని అవి తట్టుకోలేవు. అక్కణ్నుంచి ఓక్ చెట్లు. విండీ పాయింట్ రాళ్ల దగ్గర తప్పక ఆగండి, పొద్దుగూకేటప్పుడైతే మరీ మంచిది. ఆపైన పాండరోసా పైన్లు. ఎండకు కాగిన బెరడు దగ్గర ముక్కు పెట్టండి, వనిల్లా వాసన! చెవులకు కుచ్చులున్న ఏబర్ట్ ఉడుతలను ఆ కొమ్మల్లోనే వెతకాలి.

పెట్రోలు టూసాన్‌లోనే నింపుకోండి. దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టే ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది, చిన్న గేరులో రండి. వేసవిలోనూ స్వెట్టర్ ఉండాలి.